గుర్రపు రేసుల ముందంచనా

నిర్వచనం

ఒక రేసు దినాన పరిగెత్తబోయే గుర్రాల బలాబలాలను పోటీకి ముందే పరిశీలించి, వాటిలో ఏది గెలవడానికి ఎంత అవకాశం ఉందో కారణాలతో చెప్పడాన్ని ముందంచనా అంటారు. పత్రికల్లో దీన్ని ‘సెలక్షన్లు’ అంటారు, మైదానంలో ‘టిప్స్’ అంటారు. ఒక్కో రేసుకు వరుసగా మూడు పేర్లు, పలు రేసుల విజేతలను కలిపి చెప్పాల్సిన పందేలైన జాక్‌పాట్‌కూ ట్రెబుల్‌కూ కొన్ని అంకెలు, చివర ఆ రోజంతటికీ గట్టి గుర్రంగా ఎంచిన ఒక పేరు ‘డేస్ బెస్ట్’ అన్న గుర్తుతో అచ్చవుతాయి. తెలుగులో ‘పందెం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పరుగు పందెం అన్నప్పుడు అది పోటీ, పందెం కాశాడన్నప్పుడు ఒడ్డిన డబ్బు. ముందంచనాలో ఈ రెండింటినీ విడదీయడం తప్పనిసరి కనుక ఈ వ్యాసంలో పోటీని రేసు అనీ, ఒడ్డిన డబ్బును పందెం అనీ వ్యవహరించాం. ఏ గుర్రం గెలుస్తుందన్నది ఒక ప్రశ్న. పలుకుతున్న ధరకు ఆ గుర్రం మీద డబ్బు పెట్టడం సబబా అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి సరైన జవాబు చెప్పినవాడు రెండోదానిలో తప్పు చేయవచ్చు. ముందంచనాను జోస్యంగా తీసుకోవడం వల్లనే దాని మీద అతి నమ్మకం, అతి అపనమ్మకం రెండూ పుడుతున్నాయి. అది అవకాశాల లెక్క. దాని విలువ తేలేది ఒక్క రేసులో కాదు, వందల రేసుల్లో.

చరిత్ర

ఇంగ్లండులోని ఎప్సమ్‌లో 1769 మే 3న జరిగిన ఒక రేసు ముందంచనా చరిత్రలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఎక్లిప్స్ అనే గుర్రం మొదటి పరుగు గెలిచాక, తర్వాతి పరుగులో గుర్రాలు ఏ వరుసలో వస్తాయో ముందే చెబుతానని డెనిస్ ఓకెలీ పందెం కాశాడు. ఎక్లిప్స్ మొదటిదనీ, మిగిలినవాటికి స్థానమే ఉండదనీ చెప్పాడు. ఆనాటి నియమం ప్రకారం గెలిచిన గుర్రానికి 240 గజాలకు మించి వెనకబడిన గుర్రాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఎక్లిప్స్ అంత దూరంతోనే గెలిచింది, ఓకెలీ పందెమూ గెలిచాడు. అయితే ఆయన మొదటి పరుగును కళ్లారా చూసిన తర్వాతే ఆ మాట అన్నాడు. గత ప్రదర్శన నుంచి రాబోయే ప్రదర్శనను అంచనా కట్టే పద్ధతి ఆ పందెంలోనే ఉంది.

ఈ పద్ధతికి కావలసిన సాధనాలు ఆ తర్వాత ఒక్కటొక్కటిగా సమకూరాయి. గుర్రాల వంశావళిని నమోదు చేసే జనరల్ స్టడ్ బుక్ 1791లో వెలువడింది. ఏ వయసు గుర్రం ఏ దూరానికి ఎంత బరువు మోయాలో తెలిపే పట్టికను 19వ శతాబ్దం మధ్యలో అడ్మిరల్ హెన్రీ రౌస్ క్రమబద్ధం చేశాడు. బ్రిటన్‌లో 1859లో స్పోర్టింగ్ లైఫ్ పత్రిక, అమెరికాలో 1894లో డైలీ రేసింగ్ ఫారమ్ మొదలై గత రేసుల వివరాలను మామూలు ప్రేక్షకుడి చేతికి అందించాయి. ఫిల్ బుల్ 1948లో నెలకొల్పిన టైమ్‌ఫారమ్ సంస్థ ప్రతి గుర్రం సామర్థ్యాన్నీ ఒక అంకెగా ప్రకటించింది. ఆండ్రూ బేయర్ 1975లో ప్రచురించిన పుస్తకంతో, ట్రాక్ వేగంలో ఉండే తేడాలను సవరించి కాలాన్ని పోల్చే పద్ధతి అమెరికాలో జనంలోకి వెళ్లింది.

భారతదేశంలో ముంబయి మహాలక్ష్మి రేసుకోర్సు 1883 నాటిది. ఇండియన్ డెర్బీ 1943లో అక్కడే మొదలైంది. హైదరాబాదులో రేసులు మొదట మౌలాలీలో జరిగేవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1886లో మలక్‌పేటకు మారాయి. ఇప్పుడు వాటిని హైదరాబాద్ రేస్ క్లబ్ నిర్వహిస్తోంది. ఏటా వానకాలం సీజనులో 2,000 మీటర్ల దక్కన్ డెర్బీ, చలికాలం సీజనులో 2,400 మీటర్ల గోల్కొండ డెర్బీ ముఖ్యమైన రేసులు.

రేస్ కార్డు, ఫారం

ముందంచనాకు మూలపత్రం రేస్ కార్డు. అందులో గుర్రం వరుస సంఖ్య, పేరు, వయసు, తల్లిదండ్రులు, మోసే బరువు, ట్రైనరు, జాకీ, బ్రాకెట్లో డ్రా, అంటే గేటు సంఖ్య ఉంటాయి. వాటి పక్కన ఇటీవలి రేసుల్లో వచ్చిన స్థానాలు అంకెల్లో ఉంటాయి. ఈ అంకెల వరుసనే ఫారం అంటారు. 4-2-1 అన్న వరుస చూడగానే గుర్రం మెరుగవుతోందనిపిస్తుంది. కానీ ఆ నాలుగో స్థానం 2,000 మీటర్ల రేసులో పెద్ద గుర్రాల మధ్య వచ్చిందా, 1,100 మీటర్ల రేసులో ఒక్క రేసూ గెలవని మెయిడెన్ గుర్రాల మధ్య వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. ఎన్ని లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో ఓడింది, అప్పుడు ఎంత బరువు మోసింది, ఎవరు నడిపారు, ఎన్నాళ్ల విరామం తర్వాత వచ్చింది అన్న వివరాలు కలిస్తేనే స్థానానికి అర్థం వస్తుంది. ఇంతవరకూ పరిగెత్తని గుర్రాల విషయంలో ఫారం ఖాళీ. వాటికి వంశం, మాక్ రేసులో (సాధన పరుగులో) కనబరిచిన తీరు, ఉదయపు కసరత్తు మాత్రమే ఆధారాలు. అందుకే రెండుమూడేళ్ల కొత్త గుర్రాల రేసులో ఇచ్చే అంచనాకు పాత గుర్రాల రేసులో ఉండేంత బలం ఉండదు. మంచి అంచనాకారుడు ఈ తేడాను దాచడు.

రేటింగు, బరువు (చూ. హ్యాండీక్యాప్)

రేసులు ప్రధానంగా రెండు రకాలు. టర్మ్స్ రేసులో వయసు, లింగం, గత విజయాలను బట్టి బరువులను ముందే నిర్ణయిస్తారు. డెర్బీలు ఈ కోవలోకి వస్తాయి, వాటిలో సాధారణంగా మేలైన గుర్రానికే పైచేయి. రోజువారీ కార్డులో ఎక్కువగా కనిపించేవి హ్యాండీక్యాప్ రేసులు. వీటిలో క్లబ్బు నియమించిన హ్యాండీక్యాపర్ ప్రతి గుర్రానికీ ఒక రేటింగు ఇస్తాడు. మలక్‌పేటలో 20 నుంచి 45, 40 నుంచి 65 వంటి శ్రేణులుగా గుర్రాలను విడదీసి, శ్రేణిలోపల రేటింగు ఎక్కువున్న గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. ఒక్కో పాయింటుకు అర కిలో లెక్క. జాకీ ఒంటి బరువు, జీను కలిపి కూడా తక్కువైతే సీసపు పలకలతో ఆ లోటు పూడుస్తారు. గుర్రాలన్నీ ఒకేసారి గీత దాటేలా చూడటం ఈ ఏర్పాటు లక్ష్యం. అంటే హ్యాండీక్యాపర్ బరువుల రూపంలో ఒక ముందంచనా ముందే చేసి పెట్టాడన్నమాట. పత్రికలో అంచనా రాసేవాడు చేసేది అతని లెక్కలో ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడం.

ఒక ఊహా ఉదాహరణతో ఇది తేలికగా తెలుస్తుంది. 1,200 మీటర్ల రేసులో 56 కిలోలు మోసిన ‘అ’ అనే గుర్రం, 58 కిలోలు మోసిన ‘ఆ’ అనే గుర్రాన్ని రెండు లెంగ్తుల తేడాతో ఓడించిందనుకుందాం. గెలుపు తర్వాత ‘అ’ రేటింగును 8 పాయింట్లు పెంచారు. అదే శ్రేణిలో మళ్లీ తలపడేనాటికి ‘అ’ మోయాల్సింది 60 కిలోలు, ‘ఆ’ మోసేది పాత 58 కిలోలే. మొదట రెండు కిలోల వెసులుబాటుతో గెలిచిన గుర్రం ఇప్పుడు రెండు కిలోలు ఎక్కువ మోస్తోంది, మొత్తం తేడా నాలుగు కిలోలు. ఈ దూరంలో ఒక లెంగ్తుకు కిలో పైచిలుకు సమానమని రేసు వర్గాల్లో స్థిరపడ్డ వాడుక. ఆ లెక్కన నాలుగు కిలోలంటే మూడు లెంగ్తులకు మించిన మాట. కాగితం మీద ఈసారి ‘ఆ’ లెంగ్తు పైగా ముందుండాలి. అయినా అంచనా ఇక్కడితో పూర్తి కాదు. చివరి వంద మీటర్లలో ‘అ’ జాకీ కళ్లెం బిగించి తేలిగ్గా గెలిపించి ఉంటే, ఆ రెండు లెంగ్తులు దాని అసలు బలాన్ని తక్కువ చేసి చూపినట్లే. ‘ఆ’ ఆనాడు బయటి గేటు నుంచి బయల్దేరి మలుపు పొడుగునా అంచుకు దూరంగా పరిగెత్తి ఉంటే, అది నిజంగా పరిగెత్తిన దూరం 1,200 మీటర్ల కన్నా ఎక్కువ. లెక్క మొదటి మెట్టు మాత్రమే. రేసు ఎలా జరిగిందో చూసిన కన్ను ఆ లెక్కను సవరిస్తుంది.

ట్రాక్, డ్రా

వానకాలం సీజనులో ట్రాక్ పరిస్థితి ఒక్క జల్లుతో మారిపోతుంది. నేల మెత్తదనాన్ని పెనెట్రోమీటరు అనే సాధనంతో కొలుస్తారు. ఒక కడ్డీ పచ్చిక నేలలో ఎంత లోతు దిగిందో అది చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ నేల మెత్తగా ఉన్నట్లు. మెత్తని నేలలో కాళ్లు దిగబడి కొన్ని గుర్రాల వేగం తగ్గుతుంది, మరికొన్ని తట్టుకుంటాయి. ఏది ఏ రకమో పాత వానరోజుల ఫారంలోనే తెలియాలి. పచ్చిక బాగా అరిగిన లోపలి అంచును కాపాడటానికి తాత్కాలికంగా ఫాల్స్ రెయిల్స్ పెడతారు. అవి ఉన్నప్పుడు పరుగు వెడల్పు తగ్గి, ఇరుకులో చిక్కుకునే ప్రమాదం పెరుగుతుంది. డ్రా ప్రభావం దూరాన్ని బట్టి మారుతుంది. బయల్దేరిన కాసేపటికే మలుపు వచ్చే రేసుల్లో బయటి గేటు గుర్రానికి నష్టం ఎక్కువ.

ఉదయపు కసరత్తు, ప్యాడాక్

రేసుకు ముందు రోజుల్లో తెల్లవారుజామున జరిగే కసరత్తును టైమింగుతో సహా పత్రికలు ప్రచురిస్తాయి. ఇసుక ట్రాక్ మీద 800 మీటర్లు 53 సెకన్లు, చివరి 600 మీటర్లు 38 సెకన్లు అని ఉంటే గుర్రం జోరు మీద ఉందని అర్థం. 600 మీటర్లు 45 సెకన్లు అంటే ఒళ్లు సడలించుకునే పరుగు. ఈ అంకెలను విడిగా నమ్మకూడదు. కసరత్తులో ఎవరు నడిపారు, వాళ్ల బరువెంత, పక్కన తోడు గుర్రం ఉందా అన్నవాటిని బట్టి అర్థం మారుతుంది. కొన్ని గుర్రాలు ఉదయం మెరుపులా కదిలి మధ్యాహ్నం తేలిపోతాయి. అదే గుర్రం గత గెలుపుకు ముందు చేసిన కసరత్తు టైమింగు ఎంతో చూడటం మేలైన పోలిక.

రేసుకు కొద్ది నిమిషాల ముందు గుర్రాలను ప్యాడాక్‌లో నడిపిస్తారు. వెంట్రుక నిగనిగలాడుతోందా, పక్కటెముకల వెనక పొట్ట బిగువుగా ఉందా, వెనక కాలు ముందు కాలి అడుగును దాటి పడుతోందా, మెడ మీద, తొడల మధ్య తెల్లని నురగ కమ్మిందా అన్నవి ఇక్కడ చూస్తారు. ఎండలో పట్టే చెమట వేరు, బెదురుతో పట్టే చెమట వేరు. తల విసురుతూ, సైసును లాక్కుపోతున్న గుర్రం పరుగుకు దాచుకోవలసిన శక్తిని అక్కడే ఖర్చు చేస్తోందని అర్థం. ముందురోజు అచ్చయ్యే అంచనాకు ఈ సమాచారం అందదు, అది దాని సహజమైన పరిమితి.

ధర (చూ. టోటలైజేటర్)

ప్రేక్షకుల పందేలన్నింటినీ ఒకచోట కలిపి, నిర్వహణ ఖర్చూ పన్నూ తీసేసి, మిగిలినదాన్ని గెలిచినవారికి పంచే పద్ధతిని 1860ల్లో ప్యారిస్‌లో జోసెఫ్ ఓలర్ ప్రవేశపెట్టాడు. జార్జ్ జూలియస్ రూపొందించిన యంత్రం 1913లో న్యూజిలాండ్‌లోని ఎలర్స్‌లీలో ఈ లెక్కను చేపట్టింది. మన క్లబ్బుల్లోని టోట్ ఆ పద్ధతికే వారసురాలు. దీని పక్కనే బుకీలు తమ ధరలు తాము పలుకుతారు. ఒక ఊహా లెక్క చూద్దాం. విన్ పూల్‌లో మొత్తం ₹10 లక్షలు పడింది, నాలుగో వంతు కోత పోయి ₹7.5 లక్షలు మిగిలింది. ఒక గుర్రం మీద ₹2.5 లక్షలు పడి ఉంటే, అది గెలిచినప్పుడు ₹10 టికెట్టుకు ₹30 వస్తుంది. జనం ఆ గుర్రానికి కట్టిన అవకాశం 25 శాతం. కానీ ఆ ధరకు పందెం కాసినవాడు నష్టపోకుండా ఉండాలంటే అది 33 శాతం పైగా గెలవాలి. ఈ ఎనిమిది శాతం అగాధమే ముందంచనాకు అసలు పరీక్ష. జనం ఎక్కువ డబ్బు పెట్టిన, అందరికీ తెలిసిన ఫేవరెట్‌ను పేర్కొనే అంచనా తరచు నిజం కావచ్చు, అయినా దాన్ని అనుసరించినవారి జేబు తరుగుతూనే ఉంటుంది. రేసు పందేల పూర్తి విలువ మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం కావడంతో ఈ అగాధం మన దేశంలో మరింత పెరిగింది.

పరిశోధనల ఆధారాలు

బ్రిటన్, అమెరికాల్లో దీర్ఘకాలపు లెక్కల ప్రకారం ఫేవరెట్లు ఇంచుమించు మూడింట ఒక వంతు రేసులు గెలుస్తాయి. పది గుర్రాల రేసులో కళ్లు మూసుకుని ఒకదాన్ని ఎంచితే పదిలో ఒక వంతే దక్కుతుంది కనుక జనం అంచనాలో జ్ఞానం ఉందని స్పష్టం. మూడింట రెండు వంతుల రేసుల్లో అదే అంచనా తప్పుతోందన్నదీ అంతే స్పష్టం. ఆర్. ఎం. గ్రిఫిత్ 1949లో అమెరికా రేసుల ధరలను పరిశీలించి, జనం ఎక్కువ ధర పలికే అవుట్‌సైడర్లను వాటి స్థాయికి మించి, ఫేవరెట్లను స్థాయికి తగ్గి అంచనా కడుతున్నారని చూపాడు. ఈ మొగ్గు అన్నిచోట్లా ఒకేలా లేదు. హాంకాంగ్ రేసుల మీద 1988లో వెలువడిన పరిశీలనలో అది కనిపించలేదు.

అంచనాకారుల మీద జరిగిన పరిశోధనల్లో పాల్ స్లోవిక్ 1973లో చేసింది ఎక్కువ పట్టించుకోదగ్గది. అనుభవజ్ఞులైన ఎనిమిది మంది అంచనాకారులకు గత రేసుల సమాచారాన్ని మొదట 5 అంశాలుగా, తర్వాత 10, 20, 40 అంశాలుగా ఇచ్చాడు. అంశాలు పెరిగేకొద్దీ వాళ్ల ధీమా పెరిగింది, కచ్చితత్వం మాత్రం పెరగలేదు. పొడవైన విశ్లేషణను మంచి విశ్లేషణగా భ్రమించే పాఠకులకూ రచయితలకూ ఇది హెచ్చరిక. మరోవైపు స్టీఫెన్ సెసీ, జెఫ్రీ లైకర్ 1986లో ప్రచురించిన అధ్యయనం నైపుణ్యం నిజమేనని చూపింది. బండి గుర్రాల రేసులకు వెళ్లే నిపుణులు అనేక అంశాలను విడివిడిగా కాక, ఒకదాని ప్రభావం మరొకదాన్ని ఎలా మారుస్తుందో చూసుకుంటూ మనసులోనే లెక్కగడుతున్నారు. ఆ నేర్పుకూ తెలివితేటల పరీక్షలో వచ్చే మార్కులకూ సంబంధం కనిపించలేదు. ఈ రెండు ఫలితాలు పరస్పర విరుద్ధం కావు. ఫలం ఇచ్చేది సమాచారం ఎంత అన్నది కాదు, దాన్ని ఎలా కలిపారన్నది. హాంకాంగ్‌లో కంప్యూటరు నమూనాతో పందేలు కాసిన విలియం బెంటర్ 1994లో ప్రచురించిన వ్యాసం దీనికి మరో మెట్టు చేర్చింది. తన నమూనా అంచనాను, జనం ధరలో దాగిన అంచనాతో కలిపినప్పుడు వచ్చిన ఫలితం ఏ ఒక్కదాని కన్నా మేలని ఆయన తేల్చాడు. ఎంత గట్టి నిపుణుడికైనా తెలియని సంగతి ఏదో ధరకు తెలిసే ఉంటుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

ఇదంతా అదృష్టమేనన్నది మొదటి అభ్యంతరం. ఇంగ్లండులోని అడ్డంకుల రేసు 1967 గ్రాండ్ నేషనల్‌లో 23వ అడ్డంకి దగ్గర ముందున్న గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడి గుమిగూడితే, బాగా వెనకబడి ఉన్న ఫోయినావన్ ఆ గందరగోళాన్ని తప్పించుకుని ఒకటికి వంద ధరకు గెలిచింది. ఏ ముందంచనా దాన్ని పసిగట్టలేదు, పసిగట్టడం సాధ్యమూ కాదు. అయితే ఒక్కో రేసులో అదృష్టం ఉండటం, మొత్తం రేసులు అదృష్టమే కావడం ఒకటి కాదు. డాక్టర్ కె. ఆర్. లక్ష్మణన్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ తేడానే పరిగణించి, గుర్రపు రేసు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తీర్పు చెప్పింది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని మీద వచ్చిన కేసులో రమ్మీ విషయమై 1968లో అదే కోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఈ కొలమానాన్నే వాడింది. తీర్పు చెప్పింది ఆటలో నైపుణ్యం ఉందని మాత్రమే, పందెం కాసే ప్రతివాడికీ ఆ నైపుణ్యం ఉందని కాదు. ఈ రెండో అర్థం తీసి కుటుంబం సొమ్ము ఒడ్డినవారికి పై టోట్ లెక్కే జవాబు.

లాయం లోపలివాళ్లకు తెలిసింది బయటివాళ్లకు తెలియదు కనుక ముందంచనా వృథా అన్నది రెండో అభ్యంతరం. దీనిలో నిజం లేకపోలేదు. గుర్రాన్ని ఈ రేసుకే సిద్ధం చేశారా, వచ్చే నెల రేసు కోసం ఇప్పుడు ఊరికే పరిగెత్తిస్తున్నారా అన్నది ట్రైనరుకే తెలుసు. జాకీలు పందెం కాయకూడదన్న నియమం, పరుగు తీరు అనుమానంగా ఉంటే రేసు అధికారులైన స్టీవార్డులు జరిపే విచారణ ఈ అంతరాన్ని తగ్గించడానికే ఉన్నాయి, పూర్తిగా చెరపలేవు. అయితే లోపలి సమాచారంతో వచ్చే డబ్బు ధరలో కనిపిస్తుంది. ఉదయం ఒకటికి ఆరు పలికిన గుర్రం గేటు తెరిచేలోగా ఒకటికి రెండున్నరకు దిగితే దానికో కారణం ఉంటుంది. నిజాయితీ గల అంచనా ఈ కదలికకు చోటు వదులుతుంది. ‘తప్పక గెలుస్తుంది’ అన్న మాట ఏ రేసు విషయంలోనూ సమర్థనీయం కాదు.

మూల్యాంకనం

అంచనాకారుడి నికరమైన నేర్పు అతను ఎన్ని విజేతలను చెప్పాడన్నదానితో తేలదు. అతను 30 శాతం అవకాశం ఇచ్చిన వంద గుర్రాల్లో దాదాపు ముప్పై గెలిచాయా, పది శాతం ఇచ్చినవాటిలో దాదాపు పది గెలిచాయా అన్నది సరైన కొలత. పత్రికల్లో శాతాలు అచ్చు కావు, మూడు పేర్ల వరుసే ఉంటుంది. అందువల్ల ఏకపక్షంగా కనిపించే రేసుకూ, ఆరు గుర్రాలకు సమానావకాశం ఉన్న రేసుకూ ఒకే రూపంలో అంచనా వస్తోంది. ఇది ఈ ప్రక్రియలో పాతుకుపోయిన లోపం. పేరు పక్కన ‘గట్టి’, ‘పోటీ ఎక్కువ’ వంటి ఒక్క మాట చేర్చినా పాఠకుడికి మేలు.

రేసు ముగిశాక ఫలితాన్ని తిరిగి చదవడం తదుపరి అంచనాకు ఆరంభం. ఐదో స్థానంలో వచ్చిన ఒక గుర్రం ఆఖరి 300 మీటర్లలో ముందున్నవాటి వెనక ఇరుక్కుని, దారి దొరికేసరికి గీత దగ్గరపడి ఉండవచ్చు. కార్డులో దాని పేరు పక్కన 5 అన్న అంకె మాత్రమే చేరుతుంది. హ్యాండీక్యాపర్ దాని రేటింగును కదపకపోవచ్చు, తగ్గించనూవచ్చు. రెండు వారాల తర్వాత అదే శ్రేణిలో లోపలి గేటు నుంచి అదే బరువుతో అది మళ్లీ బయల్దేరుతున్నప్పుడు, ఆ ఆఖరి 300 మీటర్లను గుర్తుపెట్టుకుని కార్డు తెరిచినవాడికి ఆ అంకె వెనకున్న గుర్రం కనిపిస్తుంది.